ఖాళీ జాగా ఎవరిది, గెడ్డ ఎవరిది?

విశాఖ కాలనీ సంఘాల నుంచి వచ్చిన ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది మధురవాడ వైపు, వుడా (విశాఖ నగరాభివృద్ధి సంస్థ) అనుమతితో 1990ల్లో వేసిన లేఅవుట్. పార్కుకని వదిలిన జాగాలో ఒకాయన ముందు ఇసుక, కంకర దించాడు. మొన్న రేకుల షెడ్డు వేసేశాడు. అడిగితే 'ఇది అమ్ముడుపోని ప్లాటు, కాగితాలున్నాయి' అంటున్నాడు. షెడ్డు పీకేద్దామని కుర్రాళ్లు ఊగిపోతున్నారు. సంఘం ఏం చెయ్యాలి?

జవాబు: ముందు కుర్రాళ్లను ఆపండి. మీరు షెడ్డు మీద చెయ్యేసిన మరుక్షణం ఆయన ఫిర్యాదీ అవుతాడు, మీరు ముద్దాయిలవుతారు. ఈ తగాదా కాగితం మీద తేలేది, గునపంతో కాదు.

మొదట కావలసింది లేఅవుట్ నకలు. అనుమతి పొందిన ప్రతి లేఅవుట్‌కూ ఒక ఎల్పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు) ఉంటుంది. మీ సేల్ డీడ్ షెడ్యూల్లో గానీ, ప్లాను మీద గానీ కనిపిస్తుంది. వుడా 2018లో వీఎంఆర్‌డీఏ అయింది కాబట్టి పాత ఫైళ్ల కోసం అక్కడే అడగాలి. ఇంట్లో బీరువాలో ఉన్న జిరాక్సు చాలదు, ధ్రువీకరించిన నకలు తెచ్చుకోండి. మామూలు అర్జీకి కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, గడువు 30 రోజులు. జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవచ్చు. దరఖాస్తులో 'మా పార్కును ఎందుకు కాపాడటం లేదు' అని రాసేవాళ్లే ఎక్కువ. అది దండగ. 'ఎందుకు' అన్నదానికి సంజాయిషీ ఇవ్వాలని ఆ చట్టంలో లేదు, దగ్గరున్న కాగితం ఇవ్వాలని మాత్రమే ఉంది. అందుకే ఇలా అడగండి: ఫలానా ఎల్పీ నంబరు ఆమోదిత ప్లాను నకలు, అందులో ఖాళీ స్థలం విస్తీర్ణం, ఆ స్థలాన్ని స్థానిక సంస్థకు అప్పగించిన గిఫ్ట్ డీడ్ నంబరు, తేదీ.

ఆ గిఫ్ట్ డీడ్ దగ్గరే చాలా కాలనీల కథ తేలిపోతుంది. లేఅవుట్ వేసినవారు రోడ్లనూ ఖాళీ స్థలాన్నీ స్థానిక సంస్థకు రాసివ్వాలి. రాసివ్వకుండా వదిలేసిన చోట రిజిస్ట్రేషన్ రికార్డులో పాత యజమాని పేరే నిలిచిపోతుంది. ఆయనో, ఆయన వారసులో, జీపీఏ (అమ్మే అధికారం రాసిచ్చిన పత్రం) పట్టుకున్న ఇంకొకరో పదేళ్లకు ఆ జాగాను అమ్మకానికి పెడతారు. ఇంకో మెలిక కూడా ఉంది. గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి 2005లో మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ఏర్పాటు చేశారు. అంతకు ముందరి శివారు లేఅవుట్లలో డీడ్ పంచాయతీ పేరున ఉండొచ్చు. జీవీఎంసీ పేరున వెతికి, దొరకలేదని నిరాశపడకండి.

తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయించండి. ప్లాటు నంబరుతో కాదు, సర్వే నంబరుతో, లేఅవుట్ మంజూరైన ఏడాది నుంచి ఈనాటి వరకు. ప్లానులో 84 ప్లాట్లే ఉండి ఈసీలో 85వ ప్లాటు అమ్మకం కనిపించిందంటే, మీ పార్కు పేరు మార్చుకున్నట్టే.

ఇక కొలతలు. నాలుగు పక్కలూ కొలిచి ఊరుకుంటే లాభం లేదు. నాలుగు భుజాలు అవే ఉన్నా జాగా పక్కకు వాలిపోవచ్చు, విస్తీర్ణం తగ్గిపోవచ్చు. రెండు కర్ణాలు కూడా కొలిస్తేనే ఆకారం కుదురుతుంది. 30 మీటర్ల టేపు బిగించి పట్టి, ఒక్కో కొలత రెండుసార్లు తీసి, ప్లానులో ఉన్న కొలత పక్కన రాయండి. గజాల్లోనూ చదరపు మీటర్లలోనూ లెక్క వెయ్యండి (సెంటుకు 48.4 గజాలు). ఇది సర్వేకు బదులు కాదు. కానీ 'పార్కు ఆక్రమించారు' అని రాసిన అర్జీ కంటే 'ప్లానులో 620 గజాలు, ఇప్పుడు 410 గజాలు, ఈశాన్యం మూల షెడ్డు' అని రాసిన అర్జీ తొందరగా కదులుతుంది.

ఈ కాగితాలన్నీ జతచేసి జోనల్ కమిషనరుకు, పట్టణ ప్రణాళిక విభాగానికి అర్జీ ఇవ్వండి. అందులో మూడే కోరండి: ఉమ్మడి సర్వే జరిపి హద్దురాళ్లు పాతించడం, కంచె వేసి ఎల్పీ నంబరు, సర్వే నంబరు, విస్తీర్ణం రాసిన బోర్డు పెట్టడం, ఆ సర్వే నంబరులో పార్కు మేరకు జాగాను, రిజిస్ట్రేషన్లు జరగకుండా ఆపే 22ఏ నిషేధిత జాబితాలో చేర్పించడం. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇచ్చి రసీదు నంబరు దాచుకోండి.

ఆక్రమించినవాళ్లు సాధారణంగా ఓ శుక్రవారం సాయంత్రం చడీచప్పుడు లేకుండా కోర్టుకెళ్లి ఇంజంక్షన్ తెచ్చుకుంటారు. అందుకే మీరే ముందుగా సివిల్ ప్రొసీజర్ కోడ్ 148ఏ కింద కేవియట్ వేయించండి. అది 90 రోజులు పనిచేస్తుంది, గడువు తీరాక మళ్లీ వెయ్యాలి. కేవియట్ ఉంటే మీకు కబురు చెయ్యకుండా ఉత్తర్వు ఇవ్వడం కుదరదు. పార్కు జాగాను ప్రైవేటు నర్సింగ్ హోంకు ఇవ్వడం చెల్లదని బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆ కేసు వేసింది కూడా ఆ చుట్టుపక్కల నివాసులే.

మరో మాట, నచ్చకపోయినా వినండి. జాగా సంఘానిది కాదు, మీరు కాపలాదారులే. ఆక్రమణ తొలగాక అక్కడ గుడి కడదాం, కమ్యూనిటీ హాలు కడదాం అని మీరే తీర్మానం చేస్తే, ఇందాకటి షెడ్డాయనకూ మీకూ చట్టం దృష్టిలో పెద్ద తేడా ఉండదు.

ప్రశ్న: కొండవాలు కాలనీ మాది. పెద్ద వాన పడితే చివరి రెండు వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. కాలువ వెడల్పు చెయ్యాలని ఏళ్లుగా అడుగుతున్నాం. వెడల్పు చేస్తే తీరుతుందా?

జవాబు: వెడల్పు అడిగే ముందు ఉన్న కాలువ ఎంత మోస్తుందో లెక్క చూడండి. అర కాగితంలో అయిపోతుంది.

మీ కాలువలోకి 8 ఎకరాల వాలు నుంచి నీరు దిగుతుందనుకుందాం. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడి, అందులో 80 శాతం పారితే సెకనుకు సుమారు 360 లీటర్లు. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు (60 సెంటీమీటర్లు) ఉన్న శుభ్రమైన కాలువలో నీరు సెకనుకు మీటరు వేగంతో పోతే మోసేది కూడా సరిగ్గా అంతే. అదే కాలువలో అడుగు మేర పూడిక ఉంటే మోత సగానికి పడిపోతుంది. పైగా వేగం కూడా తగ్గుతుంది కాబట్టి నిజానికి సగం కూడా ఉండదు. ఆ మిగిలిన సగమే మీ చివరి వీధుల్లోకి వచ్చేది. చాలా చోట్ల రోగం వెడల్పుది కాదు, పూడికది.

విశాఖలో పూడిక ఎక్కువ పేరుకోవడానికి కారణం కళ్లెదుటే ఉంది. కొండలు తవ్వి చదును చేసిన చోట ఎర్రమట్టికి పట్టు ఉండదు, ఒక్క వానకే గెడ్డలోకి (కొండనీరు పారే వాగులోకి) దిగిపోతుంది. ఎగువన ఇళ్లు కడుతున్నవాళ్లు రోడ్డు మీద పోసిన ఇసుకదీ అదే దారి. నోటీసు ఇప్పించాల్సింది ముందు వాళ్లకి.

వాన లేని రోజు పొద్దున్నే ఓ పలుగు కర్ర పట్టుకుని కాలువ వెంట పై నుంచి గెడ్డ దాకా నడవండి. ప్రతి 20 మీటర్లకు కర్ర దించి, పూడిక ఎంతుందో గుర్తు పెట్టి రాసుకోండి. అడ్డు ఎక్కడ పడుతుందంటే కల్వర్టు మూతి దగ్గర, కాలువకు అడ్డంగా మంచినీటి పైపో కేబులో వేసిన చోట, ఇంటి ముందు ర్యాంపు కింద. ఆ పైపుకు ఒక చీర ముక్క చుట్టుకుంటే చాలు, దాని మీద కవర్లు, కొబ్బరి బొండాలు పేరుకుని గంటలో ఆనకట్ట తయారవుతుంది. ర్యాంపులు కట్టేటప్పుడు కాలువ మీద మొత్తం కాంక్రీటు పోసేస్తారు. ప్రతి పదడుగులకు ఒక ఎత్తగలిగే పలక వదలాలని సంఘం తీర్మానం చేసి, ముందు కార్యవర్గ సభ్యుల ఇళ్ల దగ్గర అమలు చెయ్యండి.

వానలేని రోజుల్లో కూడా ఆ కాలువలో నీరు పారుతోందంటే మరుగుదొడ్ల గొట్టాలు అందులో కలిపారన్నమాట. అది వేరే అర్జీ, భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ గురించి.

పూడికతీత ఏడాదికి రెండుసార్లు అడగండి. మేలో ఒకటి, సెప్టెంబరు చివర్లో ఒకటి. మన దగ్గర తుఫాను కాలం అక్టోబరు, నవంబరు (హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న). వేసవిలో ఒక్కసారి తీసి చేతులు దులుపుకుంటే, జూన్ నుంచి దిగిన మట్టంతా అప్పటికి లోపలే ఉంటుంది. తీసిన మట్టి గట్టున పోస్తే మొదటి జల్లుకే తిరిగి కాలువలో పడుతుంది. అదే రోజు, మహా అయితే మర్నాడు, బండి ఎక్కించాలని ముందే మాట్లాడుకోండి. డ్రైనేజీ మ్యాన్‌హోల్లోకి మాత్రం మనిషిని దించకండి. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ పరికరాలు లేకుండా అలా దించడం నేరం. పని పురమాయించిన సంఘం కూడా బాధ్యత వహించాలి. అక్కడ యంత్రమే రావాలి.

ప్రశ్న: మా వీధిలో కుర్రాళ్లు బళ్లు రాష్‌గా నడుపుతున్నారు. చందాలేసుకుని స్పీడు బ్రేకర్ కట్టేసుకోవచ్చా?

జవాబు: కట్టుకోకూడదు. రోడ్డు స్థానిక సంస్థది, అర్జీ పెట్టి వాళ్లతోనే వేయించాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం గుండ్రటి హంప్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. దాని మీద బండి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటాలి. మేస్త్రి బస్తా సిమెంటుతో వేసే అడుగు వెడల్పు గట్టు మీద గర్భిణులకీ, నడుం నొప్పివాళ్లకీ నరకం. పైగా రాత్రిపూట ఎవరైనా పడితే కేసు మీ సంఘం మెడకు చుట్టుకుంటుంది. 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, హంప్ మీద రంగు చారలు కూడా అర్జీలోనే అడగండి. వీధి మొగలో గేటు పెట్టి తాళం వెయ్యడానికీ ఇదే జవాబు.

ప్రశ్న: కుళాయి వదిలిన మొదటి పది నిమిషాలు నీళ్లు మురుగు వాసన. తర్వాత బాగానే వస్తాయి. ఫిర్యాదు చేస్తే మనుషులు వచ్చే సరికి నీళ్లు శుభ్రంగా ఉంటున్నాయి!

జవాబు: రోజులో కాసేపే నీళ్లొచ్చే లైనులో ఇది మామూలే. సరఫరా ఆగినప్పుడు పైపు ఖాళీ అవుతుంది. ఎక్కడో కీలు వదులై, అది మురుగు కాలువలో మునిగి ఉంటే ఆ మురుగు లోపలికి ఊరుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే ముందు వచ్చేది అదే. దీనికి తోడు కొందరు కుళాయి లైనుకే నేరుగా మోటారు బిగిస్తారు. అది పక్కింటి నీళ్లనే కాదు, కాలువలో మురుగును కూడా పీల్చుకొస్తుంది. సంపులో పడిన నీళ్లకు మోటారు పెట్టుకోవచ్చు గానీ లైనుకు పెట్టకూడదు.

లీకు ఎక్కడుందో మీరే సగం పట్టేయొచ్చు. ఒక ఉదయం నీళ్లు వదిలే వేళకు వరసగా పది ఇళ్ల దగ్గర ఒక్కొక్కరు గాజు సీసాతో నిలబడండి. మొదటి నీళ్లు పట్టి, సీసా మీద ఇంటి నంబరు, టైము రాయండి. లైను వచ్చే దిక్కు నుంచి చూసుకుంటూ పోతే, నీళ్లు బాగున్న ఆఖరి ఇంటికీ వాసన మొదలైన ఇంటికీ నడుమే ఎక్కడో ఉంటుంది చిల్లు. ఆ నడుమ పైపు కాలువను దాటే చోటు చూపించండి. క్లోరిన్ చూసే చిన్న కిట్టు (క్లోరోస్కోప్) ఒకటి సంఘం కొనుక్కుంటే మంచిది. నీళ్లలో రెండు చుక్కలు వేస్తే పసుపు రంగు తిరగాలి. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రంగు తిరక్కపోతే ఆ క్లోరిన్‌ను దారిలో ఏదో మురుగు తినేసి ఉండొచ్చు. వాసన తగ్గేదాకా మొదటి నీళ్లు వదిలెయ్యండి, తాగేవి మరగబెట్టుకోండి.

ప్రశ్న: గాజువాక ప్రాంతంలో 120 ఇళ్ల కాలనీ. ఇన్నాళ్లూ వాట్సాప్ గ్రూపే మా సంఘం. రిజిస్టర్ చేయిస్తే లాభమేంటి, ఎలా చేయించాలి?

జవాబు: రిజిస్ట్రేషన్ లేకపోతే బ్యాంకు ఖాతా ఎవరో ఒకరి సొంత పేరున నడపాలి, అంతకంటే పెద్ద చిక్కు లేదు. ఆంధ్రప్రదేశ్ సంఘాల నమోదు చట్టం, 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు కలిసి మెమొరాండం, నియమావళి రాసుకుని సంఘాల రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చెయ్యాలి. తర్వాత సంఘం పేరున పాన్, దాని మీద బ్యాంకు ఖాతా. అపార్టుమెంటువాళ్లకు 1987 నాటి అపార్టుమెంట్ల చట్టం వేరే ఉంది, వాళ్లకు ఈ జవాబు సరిపోదు.

నియమావళిని బయట డీటీపీ సెంటర్లో దొరికే నమూనాతో కానిచ్చేస్తుంటారు. రెండు విషయాలు మాత్రం మీరే కూర్చుని రాయండి. మొదటిది, అద్దెకున్నవారికి సభ్యత్వం ఇస్తారా? స్టీల్ ప్లాంటు, నేవీ, పోర్టు ఉద్యోగులతో నిండిన ఊరిది. సగం ఇళ్లు అద్దెకే ఉన్న వీధిలో యజమానులే సభ్యులంటే సమావేశానికి ఎవరూ రారు, కోరం ఉండదు. ఓటు లేని అనుబంధ సభ్యత్వమైనా ఇవ్వండి. రెండోది, చెక్కు మీద రెండు సంతకాలు. కోశాధికారి సంతకం తప్పనిసరి, అధ్యక్షుడు కార్యదర్శుల్లో ఒకరు తోడు. భార్యాభర్తలిద్దరూ సంతకందారులు కాకూడదు (నవ్వకండి, జరుగుతుంది).

అసలు తప్పు రిజిస్టర్ అయ్యాక జరుగుతుంది. వార్షిక సర్వసభ్య సమావేశమయ్యాక 15 రోజుల్లో కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు అందించాలి. దాన్ని మరచిపోతారు. ఎనిమిదేళ్ల తర్వాత పార్కు గొడవ కోర్టుకెక్కితే, రికార్డులో కార్యదర్శిగా ఉన్నాయన ఎప్పుడో ఊరు మారిపోయి ఉంటాడు. అవతలి వకీలు వేసే మొదటి ప్రశ్న 'అసలు మీరెవరు?' అనే.

ప్రశ్న: అరవై ఇళ్ల తడి చెత్త కాలనీలోనే ఎరువు చేద్దామని రెండు తొట్లు కట్టాం. నెల తిరక్కుండా కంపు, పురుగులు. మానెయ్యమంటున్నారు.

జవాబు: మానెయ్యకండి. తొట్లు చాలలేదు, ఎండాకు చాలలేదు, అంతే.

ఇంటికి అర కిలో చొప్పున రోజుకు 30 కిలోల తడి చెత్త, అంటే ఇంచుమించు మూడు నాలుగు బకెట్లు. దానికి అంతే కొలత ఎండాకు కలపాలి (తూకం కాదు, బకెట్ లెక్క). నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు తొట్టి రెండు వారాల్లో నిండుతుంది. నిండాక 45 నుంచి 60 రోజులు మగ్గాలి. ఆ లెక్కన ఐదు తొట్లుండాలి. రెండే ఉంటే మగ్గని దాని మీదే కొత్తది పోస్తారు, అడుగున గాలి ఆడక కుళ్లుతుంది.

గోడ ఇటుక ఇటుకకూ నడుమ రెండంగుళాలు ఖాళీ వదిలి కట్టాలి. లోపల ఎలుకలు దూరకుండా అరంగుళం వల. అడుగున ఆరంగుళాల మందాన ఎండు కొమ్మలు, కొబ్బరి పీచు. ఒక పొర చెత్త, ఒక పొర ఆకు, వారానికోసారి పేడ నీళ్లో పుల్ల మజ్జిగో చిలకరించి, పదిరోజులకోసారి పారతో తిరగెయ్యండి. గుప్పెడు తీసి పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రాలితే బాగున్నట్టు. ధారగా కారితే ఆకు తక్కువైంది, పొడిగా రాలిపోతే నీళ్లు తక్కువయ్యాయి. వానాకాలంలో రేకు కప్పు, రెట్టింపు ఆకు. ఆ ఆకు కోసం వేసవిలోనే ఊడ్చిన ఆకును తగలబెట్టకుండా గోనెల్లో నింపి పెట్టుకోవాలి. మనవాళ్లు తప్పేది ఇక్కడే, ఫిబ్రవరి ఆకు ఆగస్టుకు ఉండదు.

లావాటి తెల్ల పురుగుల్ని చూసి భయపడక్కర్లేదు, అవి చెత్తను తినిపెడతాయి. తడి ఎక్కువైందని చెప్పే గుర్తు మాత్రం అదే. చేపల పొట్ట, రొయ్య తొక్కలు కాలనీ తొట్లో వెయ్యకండి. ఆదివారం ఒక్కరోజు వేసినా వారమంతా కంపు, వీధి కుక్కలన్నీ అక్కడే. వాటిని మూత డబ్బాలో పెట్టి బండికి ఇవ్వండి. కొబ్బరి బొండాలు నరికి ముక్కలు చేస్తే తప్ప ఏడాదైనా చివకవు. పొడి చెత్తలో అట్టలు, సీసాలు అమ్ముకునేది పారిశుద్ధ్య కార్మికులకు నాలుగు రాళ్లొచ్చే దారి. సంఘం ఆదాయమని దాని మీద కన్నెయ్యొద్దు.

ప్రశ్న: వీధి కుక్కల్ని పట్టించి దూరంగా వదిలించాలని తీర్మానం చేశాం. ఒకావిడ రోజూ వాటికి అన్నం పెడుతున్నారు, ఆపమంటే వినడం లేదు.

జవాబు: ఆ తీర్మానం చెల్లదు. 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం కుక్కకు ఆపరేషను, రేబిస్ టీకా అయ్యాక పట్టిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, రేబిస్ సోకినవాటికీ దూకుడుగా మీదపడేవాటికీ తప్ప. తిండి పెట్టడాన్ని పూర్తిగా ఆపలేరు గానీ, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదని, స్థానిక సంస్థ కేటాయించిన చోటే పెట్టాలని ఆ ఉత్తర్వే చెప్పింది. పిల్లలాడే చోటు, మెట్లు, ఇళ్ల గుమ్మాలు, రాకపోకల దారులు వదిలేసి ఒక మూల చూసి, దాన్ని కేటాయించమని జీవీఎంసీని అడగండి. ఆవిడతోనే మాట్లాడి, ఏ కుక్కకు ఆపరేషను కాలేదో పట్టిక రాయించుకోండి. ఆపరేషనైన కుక్క చెవి కొస కత్తిరించి ఉంటుంది. రోజూ దగ్గరగా చూసేది ఆవిడే, పట్టే బండి వచ్చిన రోజు ఆవిడ పిలిస్తేనే అవి వస్తాయి.